తాకకుండా చూసే యంత్రం: వర్చువల్ రియాలిటీ, కళ, కులం

కొత్త యంత్రం ఏది వచ్చినా మన దేశంలో రెండు మాటలు వినబడతాయి. దీంతో కులం పోతుంది అనేది మొదటి మాట. కూటికి లేనివాళ్ళకు ఇదెందుకు అనేది రెండో మాట. రైలు వచ్చినప్పుడు మొదటి మాట అన్నారు. సినిమా వచ్చినప్పుడు అన్నారు. కంప్యూటర్ వచ్చినప్పుడు మరీ గట్టిగా అన్నారు. రైలు పెట్టెలో పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన, దిగాక ఊరూ వాడా కలిసిపోలేదు. ఇక రెండో మాట అనేవాళ్ళలో మన మేలు కోరేవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ మాట విని మనం పక్కకు తప్పుకున్న ప్రతిచోటా మన బొమ్మను వేరేవాళ్ళు గీశారు. గీసినవాళ్ళకు నచ్చినట్టు గీశారు.

వర్చువల్ రియాలిటీ విషయంలో ఈ రెండు మాటలనూ పక్కన పెట్టి మాట్లాడుకోవాలని మేము అనుకుంటున్నాం. మదనపల్లె పక్కన, కురబలకోట మండలంలో అంగళ్లు ఉంది. పేరులోనే అంగడి ఉన్న ఈ ఊళ్ళో 1998లో ఇంజనీరింగ్ కళాశాల మొదలైంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల వాడల నుంచి, తమ ఇంట్లో మొట్టమొదటిసారిగా కాలేజీ మెట్లెక్కిన పిల్లలు ఇలాంటి కళాశాలల్లోనే చదువుతారు. మేమూ అలా వచ్చినవాళ్ళమే. ఆ పిల్లలు రేపు కంప్యూటర్ల మీద త్రిమితీయ లోకాలు కట్టే కూలీలు అవుతారా, కర్తలు అవుతారా? ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసం.

అసలిది ఏమిటి?

తలకు ఒక పెట్టె కట్టుకుంటాం. దాన్ని హెడ్‌సెట్ అంటున్నారు. లోపల రెండు కళ్ళకూ రెండు లెన్సులు. ఒక్కో కంటికి కొద్దిగా తేడాతో ఒక్కో బొమ్మ. మన రెండు కళ్ళూ లోకాన్ని కాస్త వేర్వేరు కోణాల్లో చూస్తాయి కాబట్టే మనకు లోతు తెలుస్తుంది. యంత్రం ఆ కిటుకునే వాడుకుంటుంది. తల తిప్పితే లోపలున్న సెన్సర్లు పసిగట్టి, బొమ్మను కూడా దానికి తగ్గట్టు తిప్పుతాయి. ఈ పని సెకనులో చాలా చిన్న భాగంలో జరిగిపోవాలి. ఆలస్యమైతే కళ్ళు ఒకటి చెబుతాయి, చెవిలోపలి సమతుల్యం ఇంకొకటి చెబుతుంది. తల తిరుగుతుంది, వాంతి వస్తుంది.

ఇది నిన్నగాక మొన్న పుట్టింది కాదు. అమెరికాలో ఇవాన్ సదర్లాండ్ 1968లో ఇలాంటి యంత్రాన్ని చూపించాడు. దాని చట్రాన్ని పైకప్పుకు వేలాడదీయాల్సి వచ్చింది. 1980ల్లో జారన్ లానియర్ వర్చువల్ రియాలిటీ అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు. 2012లో ఓక్యులస్ అనే చిన్న కంపెనీ జనం దగ్గర చందాలు పోగుచేసి హెడ్‌సెట్ తయారీ మొదలుపెడితే, 2014లో ఫేస్‌బుక్ దాన్ని సుమారు 200 కోట్ల డాలర్లకు కొనేసింది. జనం డబ్బుతో మొదలైనది రెండేళ్ళలో ఒక బడా కంపెనీ సొత్తు అయిపోయింది.

కళాకారులు ఈ యంత్రాన్ని త్వరగానే అందుకున్నారు. కెనడా కళాకారిణి చార్ డేవీస్ 1995లో 'ఆస్మోస్' అనే రచన చేసింది. అందులో చేతి మీటలు లేవు. ఛాతీకి కట్టిన పట్టీ ఊపిరిని కొలుస్తుంది. ఊపిరి పీలిస్తే పైకి తేలతాం, వదిలితే కిందికి దిగుతాం. 2016లో గూగుల్ 'టిల్ట్ బ్రష్' తెచ్చింది. కాగితం లేదు, గోడ లేదు. మన చుట్టూ ఉన్న గాలిలోనే గీత గీసి, ఆ గీత చుట్టూ నడవొచ్చు. ఇంకోపక్క ఇళ్ళు కట్టేవాళ్ళు, వస్తువులు డిజైన్ చేసేవాళ్ళు, కట్టకముందే కట్టడంలో తిరిగి చూడ్డానికి దీన్ని వాడుతున్నారు.

తెలుగులో దీన్ని 'మిథ్యా వాస్తవం' అని అనువదించడం ఉంది. మాకు ఆ మాట మీద అనుమానం ఉంది. లోకమంతా మిథ్య అని బోధించిన వేదాంతులకు మడిచెక్కలు ఏనాడూ మిథ్య కాలేదు, వాడకు గీసిన గీతా మిథ్య కాలేదు. అందుకే మేము వర్చువల్ రియాలిటీ అనే అంటున్నాం. పొట్టిగా వి.ఆర్.

మనకు ఇది పూర్తిగా కొత్తా?

చూసేవాణ్ణి బొమ్మ ముందు కూర్చోబెట్టడం కాకుండా బొమ్మలోకి లాక్కోవడమే వి.ఆర్. గొప్ప అంటారు. ఆ పనిని మా ప్రాంతంలో ఎండాకాలం వచ్చిందంటే భారతం ఉత్సవాలు చేస్తాయి. ధర్మరాజుల గుడి దగ్గర పగలు భారతం చెబుతారు, రాత్రి వీధి నాటకం ఆడతారు. బకాసురుడికి కూడు మోసే బండి వీధుల్లో తిరుగుతుంది. అర్జునుడి వేషగాడు ఎత్తయిన తపస్సు మాను ఎక్కుతాడు, కింద ఆడవాళ్ళు కొంగు పట్టి నిలబడతారు. చివరి రోజున నేలమీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడు వెల్లకిలా పడి ఉంటాడు. జనం ఆ బొమ్మ చుట్టూ తిరుగుతారు, భీముడితో పాటు పరుగెడతారు. ఇక్కడ ఊరే రంగస్థలం.

మదనపల్లెకు ఉత్తరాన, ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును నానబెట్టి, వెంట్రుక గీకి, సాగదీసి, ఆరబెడితే వెలుతురు దాటేంత పలచనవుతుంది. దాని మీద గీసి, రంగులేసి, ఉలితో బొక్కలు పొడుస్తారు. తెర వెనక దీపం పెడితే ముందున్నవాళ్ళకు వెలుగులో కదిలే మనుషులు కనబడతారు. రంగు కనబడుతుంది, తోలు కనబడదు. తోలును గీకిన చెయ్యి అసలే కనబడదు. వెలుతురుతో లోకాన్ని పుట్టించే కళ ఎక్కడున్నా దాని వెనక ఒక తోలు పని ఉంటుంది. వి.ఆర్.కూ ఉంది.

కాబట్టి లీనమవడం అనేది కంపెనీలు కనిపెట్టింది కాదు. అయితే లీనమైన చోట సమానత్వం దానంతటదే వస్తుందా? భారతం ఉత్సవమే చెబుతుంది. చాలా ఊళ్ళలో ఉత్సవానికి డప్పు మన వాడల నుంచే పోతుంది. డప్పు మోత గుడి లోపలికి పోతుంది. డప్పు కొట్టిన మనిషి ఎంతవరకు పోయాడు? ఒకే ఉత్సవంలో అందరూ లీనమై ఉన్నా ఎవరు ఎక్కడ నిలబడాలో ముందే తేలిపోయి ఉంటుంది.

కులం కూడా ఒక డిజైనే

డిజైన్ అంటే సోకు కాదు. ఏది ఎక్కడుండాలి, ఎవరు ఏ దారిన నడవాలి, ఎవరు దేన్ని పట్టుకోవాలి అని ముందే తేల్చిపెట్టడం డిజైన్. ఈ లెక్కన మన ఊరిని మించిన డిజైన్ ఏముంది? వాడ ఒక పక్కకు. బావి ఒకరిది. టీ కొట్టులో వేరే గ్లాసు. మాట్లాడొచ్చు కానీ గడప దాటకూడదు. పాట వినొచ్చు, పని చేయించుకోవచ్చు, చూడొచ్చు, చూసి జాలిపడొచ్చు కూడా. తాకకూడదు. అంటరానితనం అనే పేరులోనే అంటు ఉంది. రాజ్యాంగం 17వ అధికరణం 1950 నుంచి దాన్ని రద్దు చేసింది. ఊరి నక్షా మాత్రం చాలాచోట్ల అలాగే నిలబడి ఉంది.

ఇప్పుడు వి.ఆర్.ను ఈ పక్కన పెట్టి చూద్దాం. అది కంటికి ఇస్తుంది, చెవికి ఇస్తుంది. చేతికి మహా అయితే ఒక వణుకు ఇస్తుంది. ముక్కుకు, చర్మానికి దాదాపు ఏమీ ఇవ్వదు. అంటే కులం దేన్ని నిషేధించిందో సరిగ్గా అదే ఈ యంత్రంలో లేదు. వాడను దగ్గరగా చూడొచ్చు, వాడ మనిషి కళ్ళలోకి చూడొచ్చు, పెట్టె తీసేశాక చెయ్యి కడుక్కోవాల్సిన పని కూడా లేదు. కులం మొదటినుంచీ ఒప్పుకున్న సంబంధం ఇదే కదా! వి.ఆర్. చేసే ప్రతి కళాకారుడూ, తెలిసో తెలియకో, ఈ ఏర్పాటు మధ్యలోనే పని చేస్తున్నాడు. మా వాదన అంతా ఇక్కడే ఉంది.

ఉనా: కంటికి దక్కింది, ముక్కుకు దక్కనిది

2016 జూలై 11న గుజరాత్‌లోని ఉనా తాలూకా మోటా సమఢియాలాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను గోరక్షకులమని చెప్పుకున్న మూక కొట్టింది. ఉనా పట్నంలో బండికి కట్టి కొట్టింది. కొట్టినవాళ్ళ పక్షమే దాన్ని వీడియో తీసి పంచింది. తమ బలం చూపించుకోవడానికి తీసిన బొమ్మ వాళ్ళ నేరానికి సాక్ష్యమైంది.

ఆ తర్వాత మన దేశంలోని ఎల్స్‌వి.ఆర్. అనే వేదిక 'కాస్ట్ ఈజ్ నాట్ ఎ రూమర్' అనే వి.ఆర్. డాక్యుమెంటరీ తెచ్చింది. ఉనా దాడినీ, దళితుల తిరుగుబాటునూ తీసుకున్న చిత్రం అది. కులం ఒక వదంతి కాదు అని పేరులోనే చెప్పింది. మన దగ్గర వి.ఆర్. మొదటి అడుగుల్లోనే కులం గురించి మాట్లాడటం మంచి విషయమే. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు.

కానీ ఆ పోరాటంలో అతి పదునైన ఘట్టాన్ని గుర్తు చేసుకుందాం. సురేంద్రనగర్‌లో దళితులు చచ్చిన పశువుల కళేబరాలను బండ్లలో తెచ్చి కలెక్టరు ఆఫీసు ముందు కుమ్మరించారు. మీ తల్లి కదా, మీరే తీసుకుపోండి అన్నారు. ఆ నిరసనకు ఆయుధం ఏమిటి? వాసన. వందల ఏళ్ళుగా ఊరు ముక్కు మూసుకుని వాడ మీదికి తోసేసిన వాసనను తిరిగి అధికారం గుమ్మంలో పెట్టారు. ఆ దృశ్యాన్ని ఎన్ని కెమెరాలతో చుట్టుముట్టి తీసినా ఆ ఆయుధం హెడ్‌సెట్‌లోకి రాదు. చూసేవాడికి దృశ్యం దక్కుతుంది, దాని దెబ్బ తగలదు.

సానుభూతి యంత్రం అనే మాట

అమెరికన్ దర్శకుడు క్రిస్ మిల్క్ 2015లో వి.ఆర్.ను సానుభూతి యంత్రం అన్నాడు. జోర్డాన్‌లోని శరణార్థుల శిబిరంలో ఉన్న సిరియా బాలిక మీద ఐక్యరాజ్యసమితి కోసం తీసిన 'క్లౌడ్స్ ఓవర్ సిడ్రా' చిత్రం ఆ ఏడాది పెద్దలందరికీ చూపించారు. పెట్టె పెట్టుకుంటే ఎదుటివాడి బతుకులోకి దిగుతాం, మారిపోతాం అన్నది వాదన.

పరిశోధనలు ఇంత సులువుగా చెప్పడం లేదు. 2009లో గ్రూమ్, బెయిలెన్సన్, నాస్ చేసిన ప్రయోగంలో నల్లజాతి శరీరం తొడుక్కున్నవాళ్ళలో జాతి పక్షపాతం తగ్గలేదు సరికదా ఎక్కువగా కనబడింది. 2013లో టబితా పెక్, మెల్ స్లేటర్ తదితరుల ప్రయోగంలో తగ్గింది. ఏ సన్నివేశంలో, ఏ పని చేస్తూ తొడుక్కున్నారు అనే దాని మీద ఫలితం ఆధారపడి ఉంటుందని దీన్నిబట్టి అనుకోవాలి. అంటే యంత్రం మార్చదు, యంత్రంలో పెట్టిన సన్నివేశం మారుస్తుంది. డిజైన్ చేసినవాడి బాధ్యత అక్కడే మొదలవుతుంది. ఎదుటివాడి బాధలో కాసేపు ఉండి వచ్చి తాను మంచివాణ్ణని తృప్తిపడే అలవాటును ఈ యంత్రాలు పెంచుతున్నాయని లీసా నకమురా 2020లో విమర్శించింది.

మన దగ్గర ఈ చర్చకు ముందే పునాది ఉంది. అనుభవించినవాడికీ, ఆ అనుభవం మీద సిద్ధాంతం రాసేవాడికీ మధ్య ఉన్న కులాన్ని గోపాల్ గురు ఎత్తిచూపాడు. ఆయన, సుందర్ సరుక్కై కలిసి రాసిన 'ది క్రాక్డ్ మిర్రర్' 2012లో వచ్చింది. బతికిన అనుభవం ఒకటి, అరువు తెచ్చుకున్న అనుభవం మరొకటి. బతికినవాడికి దాన్నుంచి తప్పుకునే స్వేచ్ఛ లేదు. హెడ్‌సెట్ పెట్టుకున్నవాడికి ఆ స్వేచ్ఛ చేతిలోనే ఉంది, తీసి బల్ల మీద పెడితే చాలు. తప్పించుకోగలిగిన అంటరానితనం అంటరానితనం కాదు.

ఇంకా వెనక్కు పోతే అంబేద్కర్. అంటరానితనం అంటే ఎలా ఉంటుందో తెలియని విదేశీయులకు దాన్ని ఎలా తెలియజెప్పాలి అన్న చిక్కు ఆయనకు ఎదురైంది. సాధారణ వర్ణన కంటే జరిగిన ఘటనలు చెప్పడమే మేలని ఆయన ఎంచుకున్నాడు. ఆ రచనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. 1990లో చిన్న పుస్తకంగా అచ్చయింది. చిన్నప్పుడు తండ్రిని చూడబోతూ బండి దొరకక, నీళ్ళు దొరకక పడ్డ బాధ అందులో ఉంది. బరోడాలో పార్సీ సత్రం నుంచి గెంటివేత ఉంది. ఆయన చదువరిని తన శరీరంలోకి రానివ్వలేదు. ఎదురుగా కూర్చోబెట్టి, తారీఖుతో, ఊరిపేరుతో, వాంగ్మూలం ఇచ్చినట్టు చెప్పాడు. నువ్వు నేనైపో అనలేదు, సాక్షివి కమ్మన్నాడు. వి.ఆర్. చేయాలనుకునే మన కళాకారులు మొదట చదవాల్సింది ఇదే అని మా అభిప్రాయం.

కెమెరా ఎక్కడ నిలబడింది?

ఇక ఆచరణ. వి.ఆర్. రెండు రకాలు. చుట్టూ 360 డిగ్రీలు చిత్రీకరించే వీడియో ఒకటి. అందులో తల తిప్పగలం, అడుగు వేయలేం. కెమెరా ఎక్కడ పాతారో అక్కడే పాతుకుపోతాం. రెండోది కంప్యూటర్‌లో కట్టిన లోకం. అందులో నడవొచ్చు, కానీ కట్టినంత మేరకే. మొదటిదానిలో కెమెరా కర్ర పాతిన చోటు ఒక రాజకీయ నిర్ణయం. వాడను ఊరి రచ్చబండ నుంచి చూపిస్తే ఒక చిత్రం. వాడలో గడప మీద కూర్చున్న అవ్వ ఎత్తు నుంచి ఊరిని చూపిస్తే ఇంకో చిత్రం. నిలబడ్డ మగవాడి ఎత్తులో కెమెరా పెట్టడం అలవాటుగా సాగిపోతే, ఆ మగవాడి చూపే అందరి చూపు అవుతుంది.

యంత్రం కూడా తటస్థం కాదు. రెండు కనుపాపల మధ్య దూరానికి లెన్సులు సరిపోకపోవడం వల్లే ఆడవాళ్ళకు వి.ఆర్.లో ఎక్కువ తలతిప్పు వస్తోందని కే స్టానీ బృందం 2020లో చూపింది. ముందు ఎవరి తలను కొలిచారో యంత్రం వాళ్ళకు సరిపోతుంది.

రెండోరకానికి ఉదాహరణ వారసత్వ కట్టడాలు. వందల ఫోటోలను ఒకదాని మీద ఒకటి పడేలా తీసి, వాటినుంచి కట్టడాన్ని త్రిమితీయంగా కడతారు. హంపీని ఇలా డిజిటల్‌గా నిలబెట్టే పనికి కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ నిధులిచ్చింది. మంచిదే. కానీ గుడులూ కోటలే వారసత్వం అనుకుంటే రాయి మోసినవాళ్ళ వాడ ఎప్పటికీ ఆ లోకంలోకి రాదు. భౌతికంగా ఊరి బయట పెట్టిన వాడ, వర్చువల్‌గా అసలు లేకుండానే పోతుంది.

స్థలాన్ని డిజైన్ చేయడం మనకు చేతకాని పనేం కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపారు. జనం ఆ మృతవీరులను ఊళ్ళోనే సమాధి చేసి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. మరిచిపోవడానికి వీల్లేకుండా ఊరి నక్షాను మార్చారు. మేం చెప్పే డిజైన్ అది. రక్తక్షేత్రాన్ని వి.ఆర్.లోకి తేవాలా వద్దా, తెస్తే ఎవరి గొంతు వినిపించాలి అనేది అక్కడి కుటుంబాలు చెప్పాలి. ఇంకెవరూ కాదు.

స్పర్శ లేదన్న లోటును కళాకారుడు గుర్తిస్తే దాన్నీ వాడుకోవచ్చు. మెక్సికో దర్శకుడు ఇనారిటు 2017లో 'కార్నే ఇ అరేనా' చేశాడు. అమెరికా సరిహద్దు దాటే వలస జనం గురించిన రచన. చూసేవాళ్ళు చెప్పులూ సాక్సులూ విప్పి, చల్లటి గదిలో కాచుకుని, తర్వాత ఇసుక మీద నడవాలి. కంటికి యంత్రం, కాలికి నిజం ఇసుక. యంత్రం దాచేదాన్ని ఆయన కాలికింద పెట్టాడు.

మనం చేయాల్సినవి

కొన్ని పనులు మేము ప్రతిపాదిస్తున్నాం. ఒకటి, పనిముట్లు. హెడ్‌సెట్ మన ఇళ్ళకు అందే ధరలో లేదు. ఫోను పెట్టి చూసే అట్టపెట్టె కార్డ్‌బోర్డ్‌ను గూగుల్ 2014లో తెచ్చి, 2021లో అమ్మడం ఆపేసింది. అయితే దాని సాఫ్ట్‌వేర్‌ను 2019లోనే అందరికీ తెరిచింది. టిల్ట్ బ్రష్‌ను 2021లో తెరిస్తే అది ఓపెన్ బ్రష్‌గా కొనసాగుతోంది. బ్లెండర్ ఉచితం. కాలేజీ ల్యాబులో ఒక హెడ్‌సెట్ ఉండి, అది బీరువాలో తాళం కింద కాకుండా పిల్లల చేతుల్లో ఉంటే చాలు, మొదలుపెట్టొచ్చు. ఆ తాళం గురించి అడగడం విద్యార్థి సంఘాల పని.

రెండు, వాడుక. ప్రభుత్వ కాలనీ నక్షా గీశాక, కట్టకముందే మన ఆడవాళ్ళు వి.ఆర్.లో ఆ ఇంట్లో తిరిగి చూసి, పొయ్యి ఇక్కడ కాదు అక్కడ, మరుగుదొడ్డి తలుపు వీధివైపు వద్దు అని చెప్పగలిగితే, అంతకంటే మంచి డిజైన్ పాఠం లేదు. ఇంతకాలం కట్టిన ఇంట్లో సర్దుకున్నవాళ్ళు కట్టబోయే ఇంటి మీద మాట చెల్లించుకుంటారు.

మూడు, ఒప్పందం. తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ ఒక బొమ్మను స్కాన్ చేసి కంప్యూటర్ ఆటలో పాత్రగా అమ్ముకుంటే, ముందుగా కాగితం మీద రాసుకోని కుటుంబానికి చేతికొచ్చేది ఏమీ ఉండదు. డప్పు మోతకూ, వాడ చిత్రాలకూ ఇదే వర్తిస్తుంది.

నాలుగు, జాగ్రత్త. హెడ్‌సెట్ చూపించడమే కాదు, చూస్తుంది కూడా. తలా చేతుల కదలికలు చాలు మనిషిని గుర్తుపట్టడానికి. 2023లో కాలిఫోర్నియా పరిశోధకులు ఒక ఆట ఆడే 50 వేల మందికి పైగా జనంలోంచి 100 సెకన్ల కదలికతో 94 శాతం కచ్చితంగా మనిషిని పోల్చుకున్నారు. వాడను స్కాన్ చేస్తే ఏ ఇల్లు ఎక్కడ, ఏ సందు ఎటు పోతుంది అన్న పటం కూడా తయారవుతుంది. దాడులు చూసిన వాడలకు ఆ పటం ఎవరి చేతిలో పడుతుందో అనేది చిన్న విషయం కాదు.

చివరిగా ఒక మాట. మన అనుభవం ఈ యంత్రానికి మంచి ముడిసరుకు అని రాబోయేవాళ్ళు వస్తారు. మంచి మనసుతోనే వస్తారు. కెమెరా తెస్తారు, మన బాధ అడుగుతారు. బాధ ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దు. కెమెరా ఎక్కడ పాతాలో మనం చెప్పాలి. దారి ఎటు తిరగాలో, తలుపు ఎవరికి తెరుచుకోవాలో మనం గీయాలి. ఊరి నక్షాను మనల్ని అడగకుండా గీశారు. ఈ కొత్త లోకాల నక్షా ఇంకా పూర్తి కాలేదు.